ఆయన లేచేలోపు మాస్క్ తీసేస్తున్నారా?

ఉత్తరం: నాకు 64 ఏళ్లు. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. మాది తణుకు. గురక, పొద్దున్నే తలనొప్పి, కూర్చున్నచోటే కునుకు. విజయవాడలో స్లీప్ టెస్ట్ చేసి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు అన్నారు, రిపోర్టులో గంటకు 38 సార్లు అని ఉంది. అబ్బాయి మాస్క్‌తో గాలి పంపే సీపాప్ మిషన్ కొనిచ్చి మూడు నెలలైంది, అలవాటు కావడం లేదు. నోరు ఎండిపోతుంది, ఊపిరి ఆడనట్టుంటుంది. మావారికి ఆ చప్పుడు పడదు, ఐసీయూలో పడుకున్నట్టుంది అంటారు. అందుకే ఆయనకు నిద్ర పట్టాక పెట్టుకుని, నాలుగింటికి వాకింగ్‌కి లేచేలోపు తీసేస్తాను. చెంపల మీద బెల్టు గీతలు కనపడకుండా పౌడరు రాస్తాను. ఆపరేషన్ చేయించుకుంటే ఈ పీడ వదులుతుందా? వచ్చే నెల హైదరాబాద్‌లో అమ్మాయి గృహప్రవేశం. వియ్యాలవారి ముందు ఇదెలా తీసుకెళ్లను?

జవాబు: అమ్మా, ఆపరేషన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 38 ఉన్నవాళ్లకు డాక్టర్లు ముందు చెప్పేది ఈ మిషనే, మీరు దాన్ని ఇంకా సరిగ్గా వాడి చూడనేలేదు. రాత్రి పదకొండున్నరకో పన్నెండుకో పెట్టుకుని నాలుగింటికి ముందే తీసేస్తే అది వాడకం కాదు, దొంగతనం. చాలామందికి తెల్లవారుజామున కలలొచ్చే నిద్రలోనే ఊపిరి ఎక్కువగా ఆగుతుంది. సరిగ్గా ఆ వేళకే మీరు తీసేస్తున్నారు.

లెక్కల టీచరు కదా, మీరే వేసి చూడండి. గంటకు 38 సార్లు, ఏడు గంటల నిద్ర, మొత్తం 266. ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో ఒక్కోసారి కనీసం 10 సెకన్లు. రాత్రికి దాదాపు ముప్పావు గంట! ఇంక పొద్దున్న తలనొప్పి రాక ఏమవుతుంది? వదిలేస్తే బీపీ, గుండె జబ్బు దాకా పోతుంది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ పౌడరు. మీ గీతలు మీ మొగుడికి కనపడకూడదని పౌడరు రాసుకుంటున్నారా? మా పెదనాన్న గురక పెడితే 'పెద్దాయన హాయిగా పడుకున్నాడు' అనేవాళ్లు. మా పెద్దమ్మ ఒక పెళ్లింట్లో అలసిపోయి గురక పెట్టిందని ఇరవై ఏళ్లు చెప్పుకుని నవ్వారు. ఆవిడ కూడా నవ్వేది, ఆ తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా రాత్రి కూర్చునే ఉండేది. మీరు చేస్తున్నది అదే పని, కాకపోతే సొంత ఇంట్లో.

మీవారు చెడ్డమనిషి అని నేననను. ముఖానికి ట్యూబు తగిలించుకున్న భార్యను చూస్తే ఆ వయసులో ఎవరికైనా గుండె జారుతుంది, ఐసీయూ అన్న మాట ఆ భయంలోంచే వచ్చింది. కానీ ఆయన భయానికి మీ ఊపిరి ఎందుకు బలి కావాలి? ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్ని కూడా తీసుకెళ్లండి. అది ఆక్సిజన్ కాదని, గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుందని డాక్టరు నోటితో విననివ్వండి. గురకే కదా అంటే, 2022లో సంగీత దర్శకుడు బప్పీ లహరి పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణం ఈ జబ్బేనని గుర్తు చేయండి.

ఇక చప్పుడు. మాస్క్ సరిగ్గా కూర్చుంటే మిషన్ చప్పుడు ఫ్యాన్ కన్నా తక్కువే. బుస్‌మని వినపడుతోందంటే గాలి పక్కనుంచి లీకవుతోందన్నమాట. బెల్టు ఇంకా బిగించకండి, ఆ గీతలు అందుకే పడుతున్నాయేమో. పడుకుని, మిషన్ ఆన్‌లో ఉండగా సరిచేసుకోండి, కుదరకపోతే సైజు మార్పించండి. నోరు ఎండుతోందంటే నోటితో గాలి పోతున్నట్టు, నోరూ ముక్కూ రెండూ కప్పే మాస్క్ అడగండి. గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ ఉంటే డిస్టిల్డ్ వాటర్ పోయండి, కుళాయి నీళ్లు వద్దు. మొదట్లో గాలి మెల్లగా మొదలై పెరిగేలా ర్యాంప్ అని ఒక సెట్టింగు ఉంటుంది, అది పెట్టించండి. సాయంత్రం సీరియల్ చూస్తూ, మెలకువగా ఉండగానే, అరగంట పెట్టుకుని కూర్చోండి. మీవారి ఎదురుగానే సుమా. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే డాక్టరు దీన్ని మొదలుపెట్టినప్పుడు మాస్క్‌ను రోజూ ముఖానికి జిగురుతో అంటించేవారు, ఆ లెక్కన మీ పని సులువే.

ఇవన్నీ చేశాక కూడా ఆయనకు నిద్ర పట్టకపోతే పక్క గదిలో మంచం వేయండి. ఆయనకి. మిషన్ ప్లగ్గు ఉన్నచోటు నుంచి మీరు కదలొద్దు.

గృహప్రవేశానికి సూట్‌కేసులో ముందు మిషన్ సర్దండి, పట్టుచీరలు తర్వాత. పాత ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి కూడా వేసుకోండి, కొత్తింట్లో మంచం పక్కన ప్లగ్గు ఉంటుందో లేదో. మీ వియ్యపురాలు చూసి ఇదేంటి వదినగారూ అని అడిగితే చెప్పండి. ఆవిడ ఇంట్లోనూ ఎవరో ఒకరు గురక పెడుతూనే ఉంటారు.