డీజిల్ ట్రక్కు బ్లాక్ హీటర్ పనిచేయడం లేదా? ముందు వైరు చూడండి

ప్రశ్న: అన్నా, ఆగస్టులో కెనడాలోని ఎడ్మంటన్ వచ్చాను. పని కోసం సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొన్నాను. చలిలో ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్‌కి రాత్రంతా ప్లగ్ పెట్టినా పొద్దున్నకి ఇంజిన్ చల్లగానే ఉంటోంది, ఎంత తిప్పినా స్టార్ట్ కావడం లేదు. హీటర్ పోయి ఉంటుంది, కూలెంట్ మొత్తం దింపి మార్చాలి అంటున్నారు షాపువాళ్లు. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, వాళ్లకి అప్పుడే సరేననకు. ఇలాంటి ఫిర్యాదుల్లో చాలాసార్లు తప్పు హీటర్‌ది కాదు, వైరుది. హీటర్ ఇంజిన్ లోపల కూలెంట్‌లో మునిగి భద్రంగా ఉంటుంది. వైరేమో బంపర్ దగ్గర వేలాడుతూ రోడ్డు మీద చల్లిన ఉప్పు, బురద, మంచు అన్నీ భరిస్తుంది. కాబట్టి గోడ దగ్గర మొదలుపెట్టి ఇంజిన్ వైపు వెళ్లు.

గోడ ప్లగ్‌లో కరెంటు ఉందా అన్నది మొదటి సంగతి. నవ్వకు. నువ్వు అపార్ట్‌మెంట్‌లో ఉంటే పార్కింగ్ స్తంభానికి కరెంటు ఎప్పుడూ ఉండకపోవచ్చు. బిల్లు తగ్గించుకోవడానికి కొన్నిచోట్ల కాసేపు ఇస్తూ కాసేపు ఆపుతూ ఉంటారు, కొన్నిచోట్ల చలి బాగా ముదిరితేనే ఇస్తారు. ఒక్కసారి బల్బు పెట్టి వెలగలేదని తేల్చేయకుండా మేనేజర్‌ని అడుగు.

తర్వాత ఎక్స్‌టెన్షన్ కార్డ్. 1000 వాట్ల హీటర్ ఇక్కడి 120 వోల్టుల మీద 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. మూడు పిన్నులది, బయట వాడటానికి తయారుచేసింది, 14 గేజ్ లేదా అంతకంటే లావుది (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) కొను. ఇంట్లో టీవీకి వాడే స్పైక్ బస్టర్‌ని మంచులోకి లాక్కురావద్దు. అరగంటయ్యాక ప్లగ్గుల జాయింటు పట్టుకుని చూడు. వేడిగా తగిలితే అక్కడ కాంటాక్టు బాగాలేదని అర్థం.

నీది జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ల డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్ అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ కంపెనీ చాలా ట్రక్కుల హీటర్ వైరులో, ప్లగ్ కొనలోనే ఒక చిన్న థర్మోస్టాట్ పెడుతుంది. మైనస్ 18 కంటే చలి పెరిగితే తప్ప అది కరెంటు పోనివ్వదు. మైనస్ 10లో ప్లగ్ పెట్టి ఏమీ జరగడం లేదని, వెచ్చటి గ్యారేజీలో మీటర్ పెట్టి హీటర్ చచ్చిపోయిందని, బాగున్న దాన్ని మార్పించుకునేవాళ్లు ఉన్నారు. బయట మైనస్ 20 దాటిన రోజు మళ్లీ చూడు.

ఇప్పుడు అసలు పరీక్ష. కిల్ ఎ వాట్ లాంటి చిన్న వాట్ మీటర్‌ని గోడకీ కార్డ్‌కీ మధ్య పెట్టు. 700 నుంచి 1000 వాట్ల దాకా చూపిస్తే హీటర్ పనిచేస్తున్నట్టే. సున్నా చూపిస్తే మల్టీమీటర్ తియ్యి. ప్లగ్ గోడ నుంచి పీకేసి, ట్రక్కు వైరు చివర ఉన్న రెండు బల్లపరుపు పిన్నుల మధ్య ఓమ్స్ కొలువు. లెక్క సులువు: 120ని 120తో గుణించి వాట్లతో భాగించు. 750 వాట్లదైతే 19 ఓమ్స్, 1000 వాట్లదైతే 14 ఓమ్స్ దరిదాపుల్లో రావాలి. మీటర్ ఏ విలువా చూపకుండా ఓఎల్ అంటే దారిలో ఎక్కడో తెగింది. అప్పుడు వైరుని ఇంజిన్ వైపు కనెక్టర్ దగ్గర ఊడదీసి, నేరుగా హీటర్ పిన్నుల మీదే కొలువు. అక్కడ సరైన అంకె వస్తే కొత్త వైరు కొనుక్కుంటే చాలు, కూలెంట్ జోలికి పోనక్కర్లేదు. ఊడదీసినప్పుడు కనెక్టర్ లోపల చూడు: పచ్చగా చిలుము పట్టిందా, ప్లాస్టిక్ కాలి నల్లబడిందా? నల్లబడితే హీటర్ పిన్నులు కూడా జాగ్రత్తగా చూడాలి. అవి పాడైతే కొత్త వైరు కూడా కాలిపోతుంది.

గుండ్రటి ఎర్త్ పిన్నుకీ మిగతా రెండిట్లో దేనికైనా మధ్య రీడింగ్ వస్తే కరెంటు లీకవుతోంది. నువ్వు ప్లగ్ పెట్టగానే, లీకైతే కరెంటు ఆపేసే జీఎఫ్‌సీఐ ట్రిప్ అవుతుంటే కారణం అదే కావచ్చు. ట్రిప్ కాకూడదని ఎర్త్ పిన్ను కోసేసే మహానుభావులు ఉంటారు. తడి మంచులో నిలబడి ఆ ఇనుప బండిని ముట్టుకునేది నువ్వే.

నీది ఫోర్డ్ అయితే ఇంకోటి. 2015-2019 ఎఫ్-150, 2017-2019 సూపర్ డ్యూటీ ట్రక్కులను 2018 డిసెంబరులో ఈ హీటర్ వైరు గురించే రీకాల్ చేశారు. అమెరికా, కెనడా కలిపి 8 లక్షల 70 వేలకు పైగా బళ్లు. కనెక్టర్‌లోకి నీరు చేరి తుప్పు పట్టి, నిప్పంటుకునే ప్రమాదం ఉందని. పాత ఓనరు ఆ పని చేయించాడో లేదో డీలర్‌కి విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) చెబితే చూసి చెబుతారు. కమ్మిన్స్ ఇంజిన్ ఉన్న రామ్ ట్రక్కు అయితే, ముఖ్యంగా అమెరికా దక్షిణాది నుంచి వచ్చిందైతే, హీటర్ ఉండి వైరే లేకుండా అమ్మిన బళ్లు చాలా ఉన్నాయి.

నిజంగానే హీటర్ పోయిందని తేలితే షాపులోనే మార్పించు. కూలెంట్ నింపి, గాలి తీసేదాకా ప్లగ్ పెట్టనివ్వద్దు. కూలెంట్ లేకుండా కరెంటిస్తే కొత్త హీటర్ అక్కడికక్కడే మాడిపోతుంది. పనిలో పనిగా కూలెంట్ పాళ్లు కూడా చూపించుకో. సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ మైనస్ 37 దాకానే గడ్డకట్టకుండా ఆగుతుంది. 2024 జనవరిలో ఎడ్మంటన్ విమానాశ్రయం దగ్గర మైనస్ 45 దాకా పడిపోయింది.

హీటర్ బాగానే ఉండి బండి కదలకపోతే అది వేరే కథ. పాత సుమోలో తాళం తిప్పగానే వెలిగే స్ప్రింగ్ గుర్తు గుర్తుందా? అది స్టార్ట్ చేసే ముందు సిలిండర్ల లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులది, బ్లాక్ హీటర్‌తో సంబంధం లేదు. వాటినీ, రెండు బ్యాటరీలనూ టెస్ట్ చేయించు. ఆయిల్ 15డబ్ల్యూ-40 ఉంటే 5డబ్ల్యూ-40 సింథటిక్‌కి మారడం మంచిది, నీ మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో చూసుకుని. బ్లాక్ హీటర్ ట్యాంకులో డీజిల్‌ని వేడి చేయదు. చలి తక్కువగా ఉండే వ్యాంకూవర్ వైపు నింపుకున్న డీజిల్‌తో ఇక్కడికి వస్తే మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇక్కడి బంకులో శీతాకాలపు డీజిల్ కొట్టించు. డెఫ్ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) మైనస్ 11కే గడ్డకడుతుంది, దానికి టెన్షన్ పడకు. దాని హీటర్ దానికుంది.

రాత్రంతా ప్లగ్ పెట్టడం మాత్రం దండగ. టైమర్ కొని, బయల్దేరడానికి నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా పెట్టుకో. 1000 వాట్లదైతే 12 యూనిట్లు కాలేచోట 4 యూనిట్లతో సరిపోతుంది. 2024 జనవరి 13 సాయంత్రం మన ఆల్బర్టా రాష్ట్రంలో కరెంటు చాలక అందరి ఫోన్లకీ ఎమర్జెన్సీ అలర్ట్ వచ్చింది. బ్లాక్ హీటర్ల ప్లగ్ కాసేపాగి పెట్టమని అందులో ప్రత్యేకంగా అడిగారు.

ట్రక్కు ఏ కంపెనీదో, ఏ సంవత్సరందో నువ్వు రాయలేదు. ఇంజిన్ వైపు కనెక్టర్ దగ్గర ఎన్ని ఓమ్స్ వచ్చాయో కొలిచి, ఆ వివరాలతో కలిపి పంపు. షాపుకి వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు చెప్తాను.