టెక్ సందేహాలు: గట్టు మీద నోటు పుస్తకం

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు మూడు వనామి రొయ్యల చెరువులున్నాయి. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), మేత లెక్కలన్నీ నాకు నోటికి వచ్చు. మా అబ్బాయి మాత్రం ఏదైనా యాప్‌లో ఎక్కించమంటున్నాడు. గట్టు మీద సిగ్నల్ సరిగా ఉండదు. ఏ యాప్ మంచిది?

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. పోయిన మంగళవారం తెల్లవారుజామున రెండో చెరువులో డీఓ ఎంత? ‘నాలుగు దగ్గర ఉండాలి’ అంటున్నారా? ఉండాలి అన్నారంటే గుర్తు లేదనే అర్థం.

మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మూడు చెరువులకు రెండు పూటలా డీఓ, పీహెచ్, నాలుగు పూటలా మేత వేసుకుంటే రోజుకు 24 అంకెలు. వంద రోజుల పంటకు 2,400. వాటిలో మీ బుర్రలో నిలిచేవి రెండే: నిన్నటిది ఒకటి, చెరువులవాళ్లంతా భయపడిన రోజుది ఒకటి. మధ్యలో మెల్లగా జారిన అంకెలు ఎవరికీ గుర్తుండవు. నష్టం తెచ్చేవి అవే.

అంకెతో పాటు వేళ కూడా రాయాలి. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి తెల్లవారే ముందు డీఓ బాగా పడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడంతో పీహెచ్ పెరుగుతుంది. ‘డీఓ 5.2’ అని మాత్రమే రాసి ఉంటే అది ఏ పూటదో తెలియక ఎందుకూ పనికిరాదు.

ఇక పరికరం. ఒక లాంగ్ నోటు పుస్తకం, పురికొసతో షెడ్డు స్తంభానికి కట్టిన పెన్సిల్. పెన్ను వద్దు, తడి చేతికి సిరా అలుక్కుపోతుంది. చెరువు దగ్గర కొలిచే మనిషే అక్కడే, అప్పుడే రాయాలి. ‘ఇంటికెళ్లి రాస్తాను’ అన్నవాళ్లు మేత బస్తాల లెక్కనే తప్పుగా రాసిన సందర్భాలు నేను చూశాను. సాయంత్రం ఆ పేజీని ఫొటో తీసి, మీ అబ్బాయి చేత గూగుల్ షీట్స్‌లో ఎక్కించండి. ఫైలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో ఉంచుకుంటే సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది. తేదీ, వేళ, చెరువు, డీఓ, పీహెచ్, మేత, చివర గమనిక అనే గడులు చాలు. నన్నడిగితే అన్నిటికంటే విలువైనది ఆ చివరి గడి. ‘రాత్రి వాన’, ‘ఒక ఏరియేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) ఆగింది’, ‘చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత మిగిలింది’ అని రాసుకోండి. పట్టుబడి రోజున మొత్తం మేతను రొయ్యల బరువుతో భాగించండి. 4,200 కిలోల మేతకు 3,000 కిలోలు వస్తే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత, 1.4. వచ్చే పంటకు మేత తగ్గించాలా, సీడ్ (రొయ్య పిల్లలు) మార్చాలా అన్నది అప్పుడు పుస్తకాన్ని ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

అంకె రాసి ఉంచడం ఎందుకో గోదావరి వరదను చూస్తే తెలుస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక ఊళ్లవాళ్లు ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అన్నది ఆ ముప్పావు అడుగు దగ్గర తేలుతుంది. ‘నిరుటి కంటే కాస్త ఎక్కువే ఉన్నట్టుంది’ అంటే అక్కడ కుదరదు కదా!

ప్రశ్న: అమలాపురంలో ఉంటున్న రిటైర్డ్ టీచర్‌ని. ఫోను మార్చాక వాట్సాప్ ఆరంకెల పిన్ అడుగుతోంది. నేను పెట్టుకున్నట్టే గుర్తు లేదు.

జవాబు: పెట్టుకున్నారండీ, అది రెండంచెల ధ్రువీకరణ పిన్. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ వేరు, ఇది వేరు. అప్పట్లో ఈమెయిల్ ఇచ్చి ఉంటే, పిన్ మరిచిపోయినట్టు చెప్పే చోట నొక్కితే మెయిల్ వస్తుంది. ఇవ్వకపోతే ఏడు రోజులు ఆగక తప్పదు. ఈలోగా ఊహించి కొట్టకండి. తెరుచుకోగానే సెట్టింగ్స్‌లో ఈమెయిల్ చేర్చి, కొత్త పిన్‌ను కాగితం మీద పెట్టండి. ఉత్తరోత్తరా చాట్ బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుంటే దాన్ని ఇంకా జాగ్రత్తగా రాసి ఉంచండి. అది మరిచిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు.

నా సంగతీ చెప్పాలి. 2015 గోదావరి పుష్కరాల ఫొటోలను పెన్‌డ్రైవ్‌లో పాస్‌వర్డ్‌తో తాళం వేసి, ‘ఇదెలా మరిచిపోతాను’ అనుకున్నాను. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ డ్రాయర్‌లోనే ఉంది. 2027 పుష్కరాలు వచ్చేలోగా గుర్తొస్తే గోదారమ్మ దయ.

ప్రశ్న: పాలకొల్లులో డిగ్రీ చదువుతున్నాను. మా తాతగారు పాస్‌వర్డ్‌లన్నీ డైరీలో రాస్తారు. ప్రమాదం కాదా?

జవాబు: ఎక్కడో కూర్చుని కొల్లగొట్టేవాడు మీ ఇంటి బీరువా తెరవలేడు. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టి గుర్తుంచుకునే మీకంటే తాతగారే నయం. ఏటీఎం, యూపీఐ పిన్‌లు మాత్రం అందులో వద్దని చెప్పండి. గూగుల్ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుంటే, ఫోను చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి పది బ్యాకప్ కోడ్‌లు తీసుకోవచ్చు, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింటు తీసి డైరీలో పెట్టండి, వాడినదాన్ని కొట్టేయండి. వాన నీళ్లు ఇంట్లోకి వచ్చే వీధైతే ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా తాతగారు పక్కన తేదీ వేస్తున్నారో లేదో చూడండి. వేయకపోతే ఆ పని మీది.