మధ్యయుగపు స్త్రీ గురించి నవల రాయడానికి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

విజయనగర కాలపు స్త్రీ కథానాయికగా నవల మొదలుపెట్టానని, చదివిన పుస్తకాలన్నింటిలో యుద్ధాలే తప్ప ఆడవారి జీవితం కనిపించడం లేదని మీరు రాశారు. తిరుపతిలో ఉంటూ అటువంటి నవలనే రెండుసార్లు తిరగరాసినదానిగా నేను చెప్పగలిగింది ఒకటే: ముందు దానశాసనాలు, అంటే గుడికి ఎవరు ఏమి ఇచ్చారో రాతిమీద చెక్కిన రాతలు, చదవండి.

తిరుమల శాసనాలను దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చువేసింది. మొదట్లో నేను వాటిలో దాత పేరూ సంవత్సరమూ రాసుకొని పేజీ తిప్పేసేదాన్ని. సాధారణంగా 966 నాటిదిగా లెక్కించే సామవై శాసనం దగ్గర ఆ అలవాటు పోయింది. పల్లవుల ఇంటి కోడలైన ఆమె స్వామికి ప్రతిరూపమైన భోగ శ్రీనివాసమూర్తిని వెండితో చేయించి, నగలు సమర్పించి ఊరుకోలేదు. భూమి కొని, దాని రాబడితో నైవేద్యం, దీపం, సంక్రాంతులనాటి స్నపనాలు (అభిషేకాలు), పురట్టాసి అనే తమిళ మాసపు ఉత్సవం సాగేలా ఏర్పాటు చేసింది. ఈనాటికీ ఏకాంత సేవ అందుకునే మూర్తి అదే. నా నవల అంతకు ఐదు శతాబ్దాల తరువాతి కాలానిదే అయినా, ఇది చదివాక గవాక్షం దగ్గర రాజుకోసం ఎదురుచూసే నా రాణిని అక్కడినుంచి లేపి, కరణం ఎదుట పొలం కొలతలు అడిగే మనిషిగా మార్చాను. అది ఊహ కాదు. 1530లలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, అంతఃపురపు ఖర్చుల లెక్కలు రాసేది స్త్రీలేనని స్పష్టంగా చెప్పాడు.

వంటింటి దగ్గర మాత్రం నేను బోల్తా పడ్డాను. 1513 ఫిబ్రవరిలో కృష్ణదేవరాయలు తొలిసారి కొండకు వచ్చినప్పుడు ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చెరొక బంగారు పాలగిన్నె సమర్పించారు. ఆ ప్రయాణపు విడిదిలో దాసీలు ఎండుమిరపకాయలు దంచుతున్నట్లు రాశాను. తిరుచానూరులో ఉండే మా చిన్నత్త రాతప్రతి చదివి, "తద్దినం వంటలో మిరియాలే ఎందుకు వేస్తామే అమ్మాయ్? మిరపకాయ మన పాతకాలపుది కాదు కనుకనే గదా" అంది. నిజమే, మిరప పోర్చుగీసువారి ఓడల్లో వచ్చిన పంట. శాసన సంపుటాలు మూడు తిరగేసిన నాకు తట్టనిది, ఏటా తద్దినాలకు వండే ఆమెకు తట్టింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వారికి చదివి వినిపించండి.

వేషధారణకు కొండమీదే ఆధారముంది. మహాద్వారం దాటగానే కుడివైపు ప్రతిమా మండపంలో రాయలూ ఇద్దరు రాణులూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. వరుసలో వెనకనుంచి తోస్తారు కనుక ఒక్క దర్శనానికి ఒక్క విషయమే పెట్టుకోండి: నేను ఒకసారి చీర కుచ్చిళ్ళు, మరోసారి చేతి నగలు చూసుకొని వచ్చాను.