కెనడాలో గంజాయి లీగల్ అయ్యాక ఎమర్జెన్సీ కేసులు నిజంగా పెరిగాయా?

లీగల్ అంటే సేఫే కదా, మరి జనం ఎమర్జెన్సీకి ఎందుకు వెళ్తున్నారని అడిగారు. పెరిగిన మాట నిజం. నేను డాక్టర్ని కాదు, మా పిన్ని కొడుకుని ఒకే చలికాలంలో మూడుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళినవాణ్ణి.

మేముండేది ఒంటారియోలో. 2018 అక్టోబరు 17న గంజాయి లీగల్ అయింది, ఇక్కడ 19 ఏళ్ళు నిండితే షాపులో కొనుక్కోవచ్చు. వాడు నిద్ర పట్టడం కోసమని రోజూ షిఫ్ట్ అయ్యాక తాగేవాడు. రెండేళ్ళు దాటాక పొద్దున్నే వికారం మొదలైంది, ఆ తర్వాత వాంతులు, కడుపులో ఏమీ లేకపోయినా పసరు కక్కుతూనే ఉన్నాడు. పిన్ని ఫోన్‌లో వాము నీళ్ళు తాగించమంది, మేమూ గ్యాస్ అనే అనుకున్నాం. వాడికి కాస్త ఉపశమనం దొరికేది షవర్ కిందే, అదీ పొగలు కక్కే వేడి నీళ్ళు. ఒకరోజు ఎంతసేపటికీ బయటికి రాకపోతే తలుపు తోశాను, లోపలంతా ఆవిరి, వీపు కందిపోయి ఎర్రగా ఉంది, గోడకి తల ఆనించి అలాగే కూర్చున్నాడు.

మొదటి రెండుసార్లు సెలైన్ ఎక్కించి, వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్ నార్మల్ అని పంపేశారు. గంజాయి సంగతి వాడూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు, వీసాకి ఏమవుతుందోనని టెన్షన్. మూడోసారి ఒక నర్సు, "వేడి నీళ్ళు పోసుకుంటే తగ్గుతోందా?" అని అడిగింది. వాడు ఏడ్చేశాడు.

గంజాయి వల్ల వచ్చే ఈ ఆగని వాంతుల జబ్బుని క్యానబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్ అంటారు, ఏళ్ళ తరబడి బాగా వాడేవాళ్ళలో వస్తుంది. 2004లో ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గరి డాక్టర్లు దీని గురించి మొదట రాశారు. మామూలు వాంతుల మందులు దీనికి పెద్దగా పనిచేయవు. మిరపకాయకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ఉన్న క్రీమును పొట్ట మీద రాస్తారు, కొందరికి దాంతో తగ్గుతుంది. మళ్ళీ రాకుండా ఉండాలంటే మాత్రం పూర్తిగా మానేయాల్సిందే.

ఒంటారియోలో దీనికోసం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళు 2014 నుంచి 2021 లోపల దాదాపు 13 రెట్లు అయ్యారు. అయితే చట్టం వచ్చిన రోజున ఒక్కసారిగా ఎగబాకలేదు, అంతకుముందే పెరుగుతూ వచ్చింది, తర్వాత షాపులూ రకాలూ ఎక్కువైన కాలంలో ఇంకా పెరిగింది, అదే టైమ్‌లో కోవిడ్ కూడా ఉంది. డాక్టర్లు ఇప్పుడు ఈ జబ్బుని ఎక్కువగా గుర్తుపడుతున్నారు, అది కూడా ఒక కారణమే. కానీ సరుకు ఘాటు మారిన సంగతి మర్చిపోకండి, గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ తొంభైల్లో 4 శాతం దగ్గర ఉండేది, ఇప్పుడు షాపులో 20 శాతం పైబడినవే ఎక్కువ కనిపిస్తాయి.

మావాడు మానేసి ఎనిమిది నెలలైంది. మధ్యలో ఒక్కసారి ఫ్రెండ్స్‌తో మళ్ళీ మొదలెట్టాడు, రెండు వారాల్లో వాంతులు తిరగబెట్టాయి. మీ ఇంట్లో ఎవరైనా గంజాయి వాడుతూ, ఆగని వాంతులతో వేడి నీళ్ళ కోసం బాత్‌రూమ్‌కి పరిగెడుతుంటే, ఎమర్జెన్సీలో మొదట పలకరించే నర్సుకే రోజుకి ఎంత, ఎన్నేళ్ళుగా అన్నది దాచకుండా చెప్పేయండి.