అయిదేళ్లు అయ్యాయి కదా, సిటిజన్‌షిప్‌కి అప్లై చేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి 2021 సెప్టెంబర్‌లో మాస్టర్స్ చదవడానికి కెనడా వెళ్లాడు. చదువు అయ్యాక టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. 2025 జనవరి 15న పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది. ఆ తర్వాత చెల్లెలి పెళ్లికి వచ్చి 40 రోజులు మా దగ్గర ఉన్నాడు. 2026 సెప్టెంబర్‌కి అక్కడికి వెళ్లి అయిదేళ్లు నిండుతాయి కాబట్టి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసుకోవచ్చని తెలిసినాయన ఒకరు చెప్పారు. నిజమేనా? అది వచ్చాకే పెళ్లి అంటున్నాడు వాడు. కెనడా పౌరుడైపోతే ఇక్కడి పొలం వాడికి దక్కదని మా బంధువులు భయపెడుతున్నారు. మాకున్నది నాలుగెకరాలు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, ఆయన చెప్పినదాంట్లో అయిదేళ్లన్న మాట ఒక్కటే నిజం. కెనడా వాళ్లు చూసేది వెళ్లి ఎన్నేళ్లయిందని కాదు. దరఖాస్తు మీద సంతకం పెట్టే రోజు నుంచి వెనక్కి అయిదేళ్లు లెక్కగట్టి, ఆ అయిదేళ్లలో మనిషి కెనడా గడ్డ మీద 1,095 రోజులు ఉన్నాడా అని చూస్తారు. పీఆర్ వచ్చిన తర్వాత అక్కడున్న ప్రతి రోజునూ ఒక రోజుగా లెక్కేస్తారు. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్న రోజులను మాత్రం సగమే లెక్కేస్తారు. ఆ సగాలు ఎన్ని పోగైనా 365కి మించి కలపరు. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు.

మీ అబ్బాయి లెక్క వేసి చూద్దాం. 2025 జనవరి 15 నుంచి 2026 సెప్టెంబర్ 15 వరకు 608 రోజులు. పెళ్లికి వచ్చిన 40 రోజులు తీసేస్తే 568. పీఆర్‌కి ముందు రోజుల సగాలు కలిపితే 365 దాటిపోతాయి కాబట్టి అక్కడ పూర్తిగా 365 వేసుకోవచ్చు. మొత్తం 933. ఇంకా 162 రోజులు తక్కువ. అంటే ఇకపై ఎక్కడికీ వెళ్లకుండా ఉంటే 2027 ఫిబ్రవరి చివరికి అర్హత వస్తుంది. మళ్లీ మధ్యలో ఇంటికొచ్చి మూడు వారాలుంటే, అర్హత కూడా ఆ మూడు వారాలూ ఆలస్యమవుతుంది. అంతకన్నా నష్టమేం లేదు.

ఇందులో మీకు ఊరటనిచ్చే విషయం ఒకటుంది. పీఆర్ రాకముందు సెలవులకు ఇంటికొచ్చిన రోజుల గురించి దిగులు పడక్కర్లేదు. 365 సగాలు కావాలంటే 730 రోజులుంటే చాలు, అతను అంతకన్నా ఎక్కువే ఉన్నాడు. లెక్కకు దెబ్బ తగిలేది పీఆర్ వచ్చాక చేసిన ప్రయాణాల వల్లే.

తొందరపడి సెప్టెంబర్‌లోనే వేస్తే ఏమవుతుంది? రోజులు చాలకపోతే తిరస్కరిస్తారు. పరిశీలన మొదలయ్యాక 530 కెనడా డాలర్ల ప్రాసెసింగ్ ఫీజు వెనక్కి రాదు. డబ్బు కన్నా, నెలల తరబడి ఎదురుచూసి మళ్లీ మొదటికి రావడమే ఎక్కువ బాధ. నా సలహా, 1,095 నిండిన మర్నాడే వేయకుండా ఇంకో నెల ఆగి వేయమనండి. గుర్తులేని ప్రయాణం ఒకటి, తేదీ తప్పు ఒకటి ఎప్పుడూ బయటపడుతూనే ఉంటాయి. వారాంతంలో స్నేహితులతో కారులో నయాగరా దాటి అమెరికా వైపు వెళ్లొచ్చిన ప్రయాణాలు కూడా రాయాల్సిందే. సరిహద్దు దాటిన వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. రోజులు లెక్కగట్టడానికి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉచిత కాలిక్యులేటర్ ఉంది. ఈరోజే కూర్చుని పాత పాస్‌పోర్ట్ ముద్రలు, టికెట్ల మెయిళ్లు ముందేసుకుని అందులో నింపమనండి.

రోజులు కాకుండా చూసేవి ఇంకొన్ని ఉన్నాయి. ఆ అయిదేళ్లలో కనీసం మూడేళ్లకు, వేయాల్సిన బాధ్యత ఉంటే, ఆదాయపు పన్ను రిటర్నులు వేసి ఉండాలి. ఉద్యోగస్తుడు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్ వచ్చని రుజువు చూపాలి, కానీ మళ్లీ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయక్కర్లేదు. ఇంగ్లిష్‌లో చదివిన డిగ్రీ సర్టిఫికెట్ చాలు. కెనడా చరిత్ర, ప్రభుత్వం మీద పరీక్ష ఉంటుంది. 20 ప్రశ్నలు, 45 నిమిషాలు, 15 సరిగ్గా రాయాలి. ప్రభుత్వం ఇచ్చే 'డిస్కవర్ కెనడా' అనే చిన్న పుస్తకం నుంచే అడుగుతారు. ఇన్ని సెమిస్టర్లు గట్టెక్కినవాడికి అది పెద్ద టెన్షన్ కాదు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. పార్టీ చేసుకుని కారు నడపడం. 2018 డిసెంబర్ నుంచి కెనడాలో తాగి నడపడాన్ని తీవ్రమైన నేరాల్లో చేర్చారు. దానివల్ల సిటిజన్‌షిప్ ఆగడం అలా ఉంచండి, పీఆర్‌కే ముప్పు రావచ్చు. ప్రొబేషన్‌లో, అంటే శిక్ష కింద కోర్టు షరతులకు లోబడి బయట గడిపిన రోజులనైతే లెక్కలోకే తీసుకోరు. మీ అబ్బాయి అలాంటివాడని కాదు, కానీ తల్లిగా ఈ మాట ఒకసారి చెవిన వేయండి.

ఈ దరఖాస్తు ఆన్‌లైన్‌లో సొంతంగా చేసుకోగలిగినదే. కన్సల్టెన్సీ వాళ్లకు డబ్బులిచ్చే అవసరం మామూలు కేసుల్లో నాకు కనపడదు. ఇవ్వాల్సి వస్తే లాయర్లకు గానీ, లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు గానీ ఇవ్వాలి. డబ్బు తీసుకుని ఈ పని చేయడానికి లైసెన్స్ లేనివాళ్లకు చట్టం ఒప్పుకోదు.

ఇంతకీ అతనికి సిటిజన్‌షిప్ ఎందుకు? ఈ ప్రశ్న మీరూ అతనూ వేసుకోవాలి. ఉద్యోగం కోసమే అయితే పీఆర్‌తో దాదాపు అన్నీ నడుస్తాయి. 2021 నుంచి ఫెడరల్ (అక్కడి కేంద్ర) ప్రభుత్వ ఉద్యోగాల్లో కూడా పౌరులతో సమానంగా పీఆర్ ఉన్నవాళ్లకు ప్రాధాన్యం ఇస్తున్నారు. మరి తేడా ఎక్కడ? రెండుచోట్ల. ఒకటి, కెనడా పౌరులకు అమెరికాలో టీఎన్ అనే పని అనుమతి దొరుకుతుంది. ఇంజినీరు, కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్ట్ లాంటి వృత్తుల జాబితా ఉంటుంది, హెచ్1బీ వీసా లాటరీతో పని లేదు. పీఆర్ ఉన్నవాళ్లకు ఇది రాదు. రెండోది, పీఆర్ నిలవాలంటే ప్రతి అయిదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. కంపెనీ సింగపూర్‌కో లండన్‌కో పంపితే పీఆర్ ఉన్నవాడు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకోవాలి. పౌరుడికి ఆ గోల లేదు. పదేళ్లు బయట ఉన్నా తిరిగి వెళ్లవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కుర్రాడికి ఈ రెండూ పనికొచ్చేవే. అందుకే తీసుకోవడం మంచిదే అంటాను, కానీ పరిగెత్తి తీసుకోవాల్సిందేమీ కాదు.

పెళ్లికి దీనితో ముడి పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. కెనడాలో ఉంటూ పీఆర్ ఉన్నవాడు భార్యను స్పాన్సర్ చేసుకోవచ్చు, పౌరుడే అయి ఉండనక్కర్లేదు. పైగా భర్త పౌరుడైనంత మాత్రాన భార్యకు సిటిజన్‌షిప్ త్వరగా రాదు. ఆవిడ 1,095 రోజులు ఆవిడే నింపుకోవాలి. అంటే పెళ్లి ఎంత ఆలస్యమైతే కోడలి లెక్క అంత ఆలస్యంగా మొదలవుతుంది. ఈ మాట అతనికి చెబితే సంబంధాలు చూడమని తనే అంటాడేమో.

ఇక పొలం సంగతి. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకుంటే వీసా లేకుండా ఎప్పుడైనా వచ్చి ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు మాత్రం ఉండదు. ఓసీఐ ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్ట్ డీడ్ మీద పుచ్చుకోకూడదు. మీ బంధువులు విన్నది బహుశా ఇదే. కానీ ఈ నిబంధన ఎన్‌ఆర్‌ఐలకూ ఉంది. అంటే మీ అబ్బాయికి అది ఇప్పుడే వర్తిస్తోంది, కెనడా పౌరుడయ్యాక కొత్తగా వచ్చేది కాదు. తల్లిదండ్రుల తర్వాత వారసత్వంగా వచ్చే పొలానికి ఇప్పుడూ అడ్డు లేదు, అప్పుడూ ఉండదు. మీ నాలుగెకరాలు ఎక్కడికీ పోవు. ముందుజాగ్రత్తగా వీలునామా రాసుకోండి, పట్టాదారు పాస్‌బుక్ వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్రమాణం చేసే రోజు గురించి ఒక హెచ్చరిక. రాజు చార్లెస్‌కు విధేయత ప్రకటిస్తూ ఆ ప్రమాణం పలకగానే అతను కెనడా పౌరుడు. పీఆర్ కార్డు ఇక చెల్లదు. భారత పాస్‌పోర్ట్ మీద ఇక ప్రయాణం చేయకూడదు, చేస్తే జరిమానా. ముందు కెనడా పాస్‌పోర్ట్ తెచ్చుకోవాలి, తర్వాత పాత పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఆ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆపైన ఓసీఐకో వీసాకో అప్లై చేయాలి. దీనికి కొన్ని వారాలు పట్టొచ్చు. కాబట్టి ముహూర్తం పెట్టేటప్పుడు పంతులుగారినే కాదు, ఒకసారి అబ్బాయిని కూడా అడగండి, ప్రమాణం తేదీ ఏమైనా దగ్గర్లో ఉందా అని.