వియత్నాం బైక్ ట్రిప్‌లో ఫ్రెండ్ పడ్డాడు, ప్రోనోటు నన్ను రాయమంటున్నారు

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి. ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి వియత్నాం పోయి హా జియాంగ్ లూప్ అనే కొండ రోడ్డు బైకుల మీద తిరిగినాం. ప్లాన్ అంతా నాదే, తలా 70 వేలు నాకు ఫోన్‌పే చేసినారు, టికెట్లు, రూములు, అద్దె బైకులు నేనే బుక్ చేసినా. ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుంటే చాలని నేనే చెప్పినా. మా పి లెంగ్ కనుమ దగ్గర మలుపులో కంకర మీద ఒకడు జారి పడి కాలర్ బోన్ విరిగింది. హనోయిలో ఆపరేషన్, రెండున్నర లక్షలు, వాళ్లన్న పంపినాడు. లైసెన్సు చెల్లదని ట్రావెల్ ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిమ్ కొట్టేసినారు. ఇప్పుడు వాళ్లన్న పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, ఆ డబ్బుకు నువ్వు ప్రోనోటు రాసియ్యి, లేకుంటే చీటింగ్ కేసే అంటున్నాడు. రాయాల్నా?

జవాబు: రాయొద్దు. మిగతాది నిదానంగా చదువుకోండి.

ఆ ప్రోనోటులో హనోయి ఉండదు, బైకు ఉండదు. "నా కుటుంబ అవసరాల నిమిత్తం ఈ దినం రొక్కంగా పుచ్చుకున్నాను, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ" అని ఉంటది, మన పక్క రాసేది అట్లే కదా. రెవెన్యూ స్టాంపు మీద సంతకం మీదేనని తేలిందంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 118వ సెక్షన్ కింద మీరు డబ్బు తీసుకునే రాసినారని కోర్టు అనుకుంటుంది, తీసుకోలేదని చూపించే బరువు మీ నెత్తిన పడుతుంది, అది చూపించలేక పొలాలు అమ్ముకున్నోళ్లను చూసినా నేను. సరే చెక్కయినా ఇయ్యి అంటారు, అదీ వద్దు, బౌన్స్ అయితే 138 సెక్షన్, రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా ఫైన్, రెండూ వేయొచ్చు.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు "నేను చూసుకుంటాలే మామా" అని ఏమన్నా వాట్సాప్ పెట్టింటే దానికి మరీ భయపడొద్దు. బదులుగా ఏమీ తీసుకోకుండా ఊరికే ఇచ్చిన మాట మామూలుగా కోర్టులో నిలవదు, కాంట్రాక్ట్ యాక్ట్ 25వ సెక్షన్ చెప్పేది అదే. ఇకమీదట మాత్రం అట్లాంటివి పెట్టొద్దు.

చీటింగ్ అంటే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 318, పాత 420. దానికి మొదట్నుంచే మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాల. మీరూ అదే పర్మిట్‌తో అదే రోడ్డు మీద బండి తోలినారు, తెలిసి మోసం చేసేవాడు తన ఎముకలు కూడా పణంగా పెడతాడా? యాక్సిడెంట్ విదేశంలో జరిగింది కాబట్టి ఇక్కడ కేసే లేదు అని ఎవరన్నా చెప్తే మాత్రం నమ్మొద్దు, డబ్బు వేయించుకున్నది తాడిపత్రిలోనే కదా, కంప్లైంట్ ఇస్తే స్టేషన్ నుంచి పిలుపు రావచ్చు. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న కేసులో పోలీసులు అరెస్టుకు పోకుండా ముందు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసు ఇవ్వాల, 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది. నోటీసు వస్తే పొండి, తప్పించుకోవద్దు.

నాకున్న ఒకే భయం లెక్కలు. ఐదు 70 వేలు, మూడున్నర లక్షలు. రూపాయి కూడా మిగుల్చుకోలేదని బిల్లులతో చూపించగలరా? బైకు షాపు వాడి దగ్గర కమీషన్ గిమీషన్ తీసుకోలేదు కదా? తీసుకునింటే అప్పుడు మీరు ఫ్రెండు కాదు, సర్వీసు అమ్మినోడు, కన్స్యూమర్ కేసుకు దారి దొరుకుతుంది. ఫోన్‌పే స్టేట్‌మెంట్, బుకింగ్ మెయిల్స్ ఇప్పుడే ప్రింట్ తీసి పెట్టుకోండి.

పర్మిట్ సంగతి. మన ఆర్టీఓ ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చింది. రెండింటినీ ఇంటర్నేషనల్ పర్మిట్ అనే అంటారు, చాలామంది మోసపోయేది అక్కడే. థాయ్‌లాండ్‌లో అయితే మనది పనికొచ్చేది. వియత్నాంలో అదే రూట్లో ఈజీ రైడర్ అని లోకల్ డ్రైవర్లు ఉంటారు, వెనక కూర్చొని పోయింటే ఈ గొడవే లేకపోవును.

మీ ఫ్రెండు కొట్లాడాల్సింది మీతో కాదు, ఇన్సూరెన్సు కంపెనీతో. గెలుస్తాడని నేను చెప్పలేను, లైసెన్సు కండిషన్ వాళ్లకు బలమైందే. కానీ ఆ కండిషన్ వైద్య ఖర్చుల భాగానికి వర్తిస్తదా, లేక ఎదుటివాళ్లకు కట్టే నష్టపరిహారానికేనా, పాలసీ వర్డింగ్ మొత్తం తెప్పించి చదవాల. ముందు కంపెనీకే రాతపూర్వకంగా కంప్లైంట్, దానికి తేలకుంటే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్సు ఫిర్యాదులు తేల్చే అధికారి), రిజెక్ట్ చేసిన ఏడాదిలోపు పోవాల, ఫీజు లేదు. లేదంటే అనంతపురంలోనే జిల్లా కన్స్యూమర్ కమిషన్, దానికి రెండేళ్లు టైం, 5 లక్షల దాకా అక్కడా ఫీజు లేదు.

స్నేహం కొద్దీ ఏమన్నా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, నలుగురూ కలిసి వేసుకుంటే ఇంకా మంచిది, కానీ బ్యాంకులో వేసి "వైద్య సాయం" అని రాయండి, ఎక్కడా సంతకం పెట్టొద్దు. పెద్దమనుషుల దగ్గరికి పోయేటప్పుడు ఒక్కరే పోకుండా ట్రిప్‌కు వచ్చిన మిగతా ముగ్గుర్నీ వెంట తీసుకుపోండి. రిజెక్షన్ లెటర్ మీద తేదీ ఎంతుందో చూసి నాకు రాయండి, గడువు ఎంత మిగిలిందో చెప్తా.