ఊలు పాంపామ్ పిట్టకు కిట్ ఎందుకండీ

"ఎనిమిదేళ్ల పాపతో ఊలు పాంపామ్ పిట్ట చేయించాలనుకుంటున్నా. కిట్ కొనాలా? ఏ పిట్ట అయితే బాగుంటుంది?" అని ఒకరు అడిగారు. పాంపామ్ అంటే ఊలు చుట్టి, కత్తిరించి చేసే గుండ్రటి కుచ్చు ఉండ.

కొనకండి. కిట్‌లో వచ్చేది రెండు ప్లాస్టిక్ రింగులు, పిడికెడు ఊలు, అతికించే కళ్లు. రింగుల పని పాత పెళ్లికార్డు అట్ట చేస్తుంది. మన ఇళ్లలో వాటికేం కరువు? ఊలు సుల్తాన్ బజార్‌లో అడగండి, లేదంటే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో. ఆక్రిలిక్ ఊలు చాలు. రంగు మాత్రం ట్యూబ్‌లైట్ కింద ఖాయం చేసుకోకండి. ఉండను బయటి వెలుతురులోకి తెచ్చి చూడండి, షాపాయన విసుక్కున్నా సరే.

ఇక ఏ పిట్ట అంటారా, పాలపిట్ట. ఇంకో జవాబు నా దగ్గర లేదు. వీడియోల్లో అందరూ పసుప్పచ్చ కోడిపిల్లనే చేస్తారు. ఒకే రంగు, ఒకే ఉండ కదా, సులువు. ముక్కు పీకేస్తే అది నిమ్మకాయ.

పాలపిట్టే ఎందుకంటే మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆమెది జనగామ వైపు పల్లె. దసరా నాడు సాయంత్రం జమ్మి దగ్గరకు పోతూ పాలపిట్ట కనబడేదాకా చెలకల గట్ల వెంబడి తిరిగేవాళ్లట. మోకాళ్లు పట్టేశాక హైదరాబాద్ రామ్‌నగర్‌లో మా దగ్గరే ఉంటోంది. ఇక్కడ గట్లెక్కడివి? ఓ దసరా పొద్దున గేటు దగ్గరికి ఒకతను తువ్వాల కప్పిన పంజరంతో వచ్చాడు. "అమ్మా, పాలపిట్టను చూడుండ్రి, మంచి జరుగుతది. యాభై రూపాయలియ్యుండ్రి" అన్నాడు. అత్తమ్మ కొంగు ముడి విప్పి డబ్బులిచ్చింది. అతను తువ్వాల తీశాడు. పిట్ట ఓ మూలకు ఒదిగి ఉంది. అత్తమ్మ దండం పెట్టుకుంది. మా పాప మాత్రం కింద చతికిలబడి లోపలికి తొంగిచూసి, "నానమ్మా, నీలంగా ఉంటదన్నావు కదా, ఇది మట్టి రంగుంది" అంది.

పాప అన్నదాంట్లో అబద్ధం లేదు. వాలి ఉన్న పాలపిట్టను ముందు నుంచి చూస్తే గోధుమ రంగే ఎక్కువ కనిపిస్తుంది. రెక్క విప్పినప్పుడు చూడాలి దాని నీలం, ముదురూ లేతా పట్టీలు పట్టీలుగా. అది చూపించడానికే కాబోలు, అతను కడ్డీల మీద తట్టాడు. పిట్ట రెక్క విప్పింది. ఈకలు సగానికి కత్తిరించి ఉన్నాయి. అత్తమ్మ మొహం మాడిపోయింది. "మేం జూసింది ఎగిరే పిట్టను బిడ్డా, ఇదేం జూసుడు" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఈ పిట్టను పట్టడం, పంజరంలో పెట్టి తిప్పడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అటవీశాఖ వాళ్లు పట్టుకున్నారని అప్పుడప్పుడూ పేపర్లో వస్తూనే ఉంటుంది. అయినా ఏటా పంజరాలు దిగుతాయి. మనం డబ్బులిస్తున్నంత కాలం దిగుతూనే ఉంటాయి. ఊలు పిట్టను చూసి దండం పెట్టుకున్నా ఫలం అంతే దక్కుతుందని నా నమ్మకం. పంతులుగారు కాదంటే నన్ను అడగమనండి.

సరే, చేసే పని. పెళ్లికార్డు అట్టను ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పుతో గుండ్రంగా రెండు బిళ్లలు కోయండి. నడుమ రెండున్నర సెంటీమీటర్ల రంధ్రం, ఊలు దూర్చడానికి ఓ పక్క చీలిక పెట్టి, రెండు బిళ్లలనూ జతగా పట్టుకోండి. ఆ బిళ్లను పక్క నుంచి కనిపించే పిట్ట అనుకోండి. పై సగం వీపు, కింది సగం పొట్ట, ఒక కొస ఎద, రెండో కొస తోక. ఏ రంగు ఏ చోట చుడితే పిట్టకు ఆ చోటే వస్తుంది. వీడియోల్లో పాట పెట్టి గబగబా తిప్పేసేవాళ్లు చెప్పని కిటుకు ఒకటుంది. అట్టకు ఆనించి ముందు చుట్టిన రంగు పిట్టకు నడిమి గీత మీదకు వస్తుంది. ఆఖరున పైపైన చుట్టింది రెండు పక్కలకూ పోతుంది. అందుకని వీపుకు మట్టి రంగు ముందు చుట్టేసి, రెక్కల నీలాలు చివర్లో దాని మీద చుట్టాలి. ఎదకు లేత కాఫీ రంగు, పొట్ట వెనక భాగానికి లేత నీలం. రంధ్రం దాదాపు మూసుకుపోయేదాకా చుట్టండి, పిసినారితనం చేస్తే పిట్ట బోడిగా వస్తుంది.

తర్వాత అంచు వెంబడి కత్తిరించి, రెండు అట్టల మధ్య నుంచి దారం వేసి బిగించి, అట్టలు తీసేయాలి. బిగించడానికి నైలాన్ దారమే వాడండి, ఊలుతో బిగిస్తే పుటుక్కున తెగుతుంది. తలకు ఇంకో చిన్న ఉండ, నడినెత్తిన నీలం. రెండు ఉండల దారం కొసలనూ ముడేస్తే తల నిలుస్తుంది, గ్లూ గన్ అక్కర్లేదు. ముక్కుకు నల్ల ఫెల్ట్ ముక్క, కళ్లకు పూసలు.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. బిగించగానే వచ్చేది పిట్ట కాదు, జడల ఉండ. చాలామంది అక్కడే ఆపేసి ఫొటో పెట్టేస్తారు. కత్తెరతో కొంచెం కొంచెంగా, తిప్పుతూ తిప్పుతూ కోయాలి. పొట్టిగా కోసేకొద్దీ రంగుల హద్దులు తేటపడతాయి. చుట్టినంతసేపు కన్నా కోసేది ఎక్కువసేపు ఉండాలి.

మేం చేసిన ఊలు పాలపిట్టను మా పాప సెలవుల హోంవర్క్ కింద బడికి పట్టుకెళ్లింది. (ఈ క్రాఫ్ట్ హోంవర్కులన్నీ అమ్మలకు పెట్టే పరీక్షలే. రాత్రి పదింటికి వాట్సాప్‌లో "రేపటికి తేవాలి" అని మెసేజ్ పెట్టేవాళ్లకు ఇళ్లలో అంట్లు ఉండవేమో.) టీచరమ్మ నోట్‌బుక్‌లో "గుడ్ ప్యారట్" అని రాసి పంపింది. ప్యారటా! 2014లో జమ్మి, తంగేడు, జింకతో పాటు తెలంగాణ ఏరికోరి రాష్ట్ర చిహ్నంగా పెట్టుకున్న పిట్ట అది. చిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ తీసుకుంది, అక్కడికి పంపించండి ఆ రిమార్కు. నిజం పిట్టను ఆ టీచరమ్మ చూసి ఉండదు. ఊరి బయట గండిపేట వైపో, అమీన్‌పూర్ చెరువు వైపో పొద్దున్నే వెళ్లి కరెంటు తీగల మీద వెతికితే దొరుకుతుంది, డబ్బులేం అడగదు.

ఎనిమిదేళ్ల పాపకు చుట్టే పని హాయిగా అప్పగించండి. బిగించేటప్పుడు తను పట్టుకుంటే మీరు లాగండి. అంచు కోత మీరే చేయండి, నున్నగా కోయడం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. కింద పేపరు పరచండి, తుక్కు ఇల్లంతా ఎగురుతుంది. ఆ తుక్కును బొమ్మల్లో కుక్కడానికి దాచుకోండి. పిట్టలు గూడు కట్టుకుంటాయని జాలిపడి బాల్కనీలో మాత్రం పెట్టకండి, ఊలు పోగులు పిట్టపిల్లల కాళ్లకు చుట్టుకుని బిగుసుకుపోతాయి.